సేవాస్వీకర్త సూరిబాబు

రేగులపేట జనపనార మిల్లు మూతపడిన ఏడాదికి ప్రభుత్వానికి ఆ ఊరు గుర్తొచ్చింది. గేటుకు తాళం పడ్డప్పుడు గుర్తు రాలేదు. కార్మికులు గేటు ముందు టెంటు వేసుకుని కూర్చున్నప్పుడూ గుర్తు రాలేదు. ఆ టెంటు గాలివానకు ఎగిరి కరెంటు తీగల మీద పడి, అదే పూట అతిథిగృహంలో భోజనానికి కూర్చున్న ఒక పెద్దమనిషి నెత్తి మీద ఫ్యాను ఆగిపోయినప్పుడు మాత్రం గుర్తొచ్చింది.

రాజధానిలో సమావేశం పెట్టారు. నిపుణులు సమస్యను చాలా లోతుగా పరిశీలించి, మిల్లు మూతపడటం సమస్య కాదనీ, మిల్లులో పనిచేసే అలవాటే అసలు సమస్య అనీ తేల్చారు. లోకమంతా సేవారంగం వైపు పరుగులు తీస్తుంటే రేగులపేట ఇంకా గోనెసంచుల దగ్గరే ఆగిపోయిందని ఒక నిపుణుడు కళ్ళు తుడుచుకున్నాడట. ఆ విధంగా నవసేవా వికాస పథకం పుట్టింది. పథకంతో పాటు ఒక అధికారి కూడా పుట్టాడు. ఆయన హోదా నూతన సేవల కల్పనాధికారి. పేరు చిదానందం.

చిదానందం గారు చెడ్డవాడు కాదు. ఎవరినీ విసుక్కునేవాడు కాదు. ఎంత మంచి కోరికనైనా చిరునవ్వుతోనే తోసిపుచ్చేవాడు. రేగులపేటలో దిగిన మర్నాడే మిల్లు మైదానంలో సభ పెట్టించి, మైకు పట్టుకుని పథకాన్ని వివరించాడు.

"ఈ పట్టణ ప్రజానీకానికి నా విజ్ఞప్తి ఒక్కటే. మీలో ఎవరైనా నూతన సేవను సృష్టించండి. ప్రభుత్వం మీకు నెలనెలా రాయితీ ఇస్తుంది. నూతన సేవ అనగా, ఇంతవరకు ఈ పట్టణంలో ఎవరూ చేయనిది. పాత సేవలకు రాయితీ వర్తించదు. రాయితీ పొందేవారు పాత సేవలను చేయటం కూడా నిషిద్ధం. ఎందుకంటే, పాతదాన్ని పట్టుకు వేలాడే చేతులు కొత్తదాన్ని అందుకోలేవు."

చివరి మాటకు ముందు వరసలో కూర్చున్న గుమాస్తాలు చప్పట్లు కొట్టారు. వెనక వరసలో కూర్చున్న రొంగలి సూరిబాబు తన చేతుల వైపు చూసుకున్నాడు. మిల్లులో స్పిన్నింగు ఖాతాలో, దారం వడికే చోట, పనిచేసిన చేతులవి. నార పీచు కోసి కోసి వేళ్ళ చివర్లు గట్టిపడిపోయాయి. ఏడాదిగా ఏమీ పట్టుకోకుండా ఉండటం వల్ల ఈ మధ్యనే కాస్త మెత్తబడుతున్నాయి. మెత్తబడటం అతనికి నచ్చలేదు.

పక్కనే కూర్చున్న భార్య పైడమ్మ మోచేత్తో పొడిచింది.

"మావా, ఇన్నావేటి? మనం ఎల్లి అడుగుదాం రేపు."

"ఏటని అడుగుతావు?"

"నాను సేసే పనే."

పైడమ్మ చేసే పని ఊళ్ళో అందరికీ తెలుసు. సర్కారు ఆసుపత్రిలో ఏ దిక్కూ లేని రోగుల దగ్గర ఆమె కూర్చుంటుంది. గంజి తాగిస్తుంది, పక్క మారుస్తుంది, సెలైన్ అయిపోతే నర్సును కేకేస్తుంది. మొదట పక్కింటి ముసలమ్మ కోసం వెళ్ళింది. తర్వాత పక్క మంచం వాళ్ళు పిలిచారు. ఆ తర్వాత దూరపు ఊళ్ళలో కూలికి పోయిన కొడుకులు ఫోను చేసి, "అత్తా, మా నాన్న దగ్గిర రెండ్రోజులుండవా" అని అడగటం మొదలుపెట్టారు. ఇచ్చినవాళ్ళు ఇచ్చేవాళ్ళు, లేనివాళ్ళు దండం పెట్టేవాళ్ళు. రాయితీ దొరికితే ఇంకో నలుగురు ఆడవాళ్ళను కలుపుకుని వార్డంతా చూసుకోవచ్చని ఆమె ఆశ.

మర్నాడు ఇద్దరూ కల్పనాధికారి కార్యాలయానికి వెళ్ళారు. చిదానందం గారు పైడమ్మ చెప్పిందంతా కళ్ళు మూసుకుని విన్నాడు. తర్వాత కళ్ళు తెరిచాడు.

"ఈ సేవ అవసరం ప్రజలకు ఉందా అమ్మా?"

"నేకపోడమేటి బాబూ! వార్డు నిండా ఉన్నారు. మంచినీళ్ళిచ్చే దిక్కు నేదు."

"అదే ఇబ్బంది," అన్నాడాయన బాధగా. "అవసరం ముందే ఉన్నదంటే, ఆ సేవ ఊహలో ముందే పుట్టేసినట్టు లెక్క. పైగా నువ్వు చేసేస్తున్నావు కూడా. జరుగుతున్న పనిని నూతనం అని ఎలా ధ్రువీకరించను? అవసరం లేని చోట అవసరాన్ని కల్పించటమే కల్పనాధికారిగా నా కర్తవ్యం."

"మరి జనాలకి అక్కర్నేని పని సేత్తే డబ్బులిత్తారేటి?"

"నిరభ్యంతరంగా."

పైడమ్మ మొగుడి వైపు చూసింది. సూరిబాబు నేల వైపు చూశాడు. ఆమె కొంగు దోపుకుని, "నానెల్తాను మావా, పదకొండుకి డాట్రు రౌండుకొత్తాడు," అని ఆసుపత్రికి వెళ్ళిపోయింది.

అదే గదిలో వాళ్ళ తర్వాత నిలబడ్డవాడు గెంబలి తవిటినాయుడు. మిల్లు యూనియన్‌కు ఎన్నో ఏళ్ళు కార్యదర్శిగా చేసినవాడు, సూరిబాబుకు చిన్ననాటి నేస్తం. జరిగినదంతా చెవులారా విన్నాడు గనుక అతను వ్యవహారం త్వరగా గ్రహించాడు.

"బాబుగారూ, రోడ్డు మీద ఒంటరిగా నడిసేవోళ్ళ పక్కన నాను ఊరికే నడుత్తాను," అన్నాడు.

"ఎందుకు?"

"ఎందుకూ నేదు బాబూ."

చిదానందం గారు కుర్చీలోంచి లేచి అతని చెయ్యి పట్టుకుని ఊపాడు. "తోడునడక సహాయకుడు" అన్న పోస్టు ఆ నిమిషంలోనే పుట్టింది.

ఆ వార్త వీధులన్నీ తిరిగింది. వారం తిరక్కుండా రేగులపేట మారిపోయింది. టీ కొట్ల దగ్గర గ్లాసు పట్టుకున్నవాడి పక్కన నిలబడి టీని ఊదిపెట్టే చల్లార్పు సహాయకులు వచ్చారు. మంగలి షాపుల్లో కబుర్లు వింటూ తలాడించే ఊకొట్టు సహాయకులు కుదురుకున్నారు. గతుకుల రోడ్డులో ప్రతి గతుకు దగ్గరా ఒకరు నిలబడి "జాగ్రత్త, జాగ్రత్త" అనసాగారు. గతుకులు పూడ్చితే ఉద్యోగాలు పోతాయి గనుక మునిసిపాలిటీ పూడ్చే పని విరమించుకుంది. సినిమా హాల్లోంచి బయటికి వచ్చేవాళ్ళకు సినిమా అయిపోయిందని చెప్పే ఉద్యోగం ఒక ఎమ్మే చదివిన పిల్లకు దొరికింది. వాళ్ళ వీధిలో పులిహోర పంచారు.

చిదానందం గారి గదిలో గోడ మీద ఒక పెద్ద పటం ఉండేది. కొత్త సేవ పుట్టిన చోటల్లా ఒక ఆకుపచ్చ గుండుసూది గుచ్చేవాడు. రెండు నెలలకు పటం గడ్డి మొలిచినట్టయింది.

అప్పుడొచ్చింది చిక్కు. సేవ చేసినట్టు రుజువుగా, అందుకున్నవాడి చేత "సంతృప్తికరం" అని సంతకం పెట్టించి తేవాలి. ఊరంతా సేవ చేసేవాళ్ళే అయిపోవటంతో అందుకునేవాళ్ళు కరువయ్యారు. ఇద్దరు తోడునడక సహాయకులు ఎదురుపడితే ఎవరు ఎవరి పక్కన నడవాలో తేలక రోడ్డు మధ్య నిలబడిపోయేవారు. ఒకరి సేవ మరొకరు అందుకుందామంటే, పని వేళల్లో సేవ పొందటం క్రమశిక్షణా రాహిత్యం కిందికి వస్తుందని కార్యాలయం తేల్చి చెప్పింది.

ఖాళీగా ఉన్నవాడు ఊళ్ళో ఒక్కడే మిగిలాడు. సూరిబాబు. అతనికి ఏ కొత్త పనీ తట్టలేదు. పొద్దున్నే లేచి అలవాటుగా మిల్లు గేటు దాకా నడిచి, తాళం చూసి వెనక్కి వచ్చేవాడు. ఇప్పుడు ఇంటి గడప దాటగానే జనం మూగటం మొదలైంది. ఒకడు పక్కన నడుస్తాడు. ఒకడు గొడుగు పడతాడు. ఒకడు ముందు నడుస్తూ ఎండగా ఉందని చెబుతాడు. టీ తాగుదామని గ్లాసు ఎత్తితే ముగ్గురు ఊది, అది చల్లారి మీగడ తరక కట్టేది. అతను తుమ్మితే "చిరంజీవ" అనటానికి నలుగురు పోటీ పడి తోసుకునేవారు. సంతకాలు పెట్టీ పెట్టీ అతని చెయ్యి లాగేసేది.

ఒకనాడు విసిగిపోయి చిదానందం గారి దగ్గరకే వెళ్ళాడు. వెంట వచ్చిన గుంపు గుమ్మం బయట ఆగింది.

"బాబూ, నన్నొగ్గీమని సెప్పండి ఈళ్ళకి. పొద్దు పొడిసింది మొదలు నాకు సేవలే సేవలు. కాలు మడిసి కూకోడానికి నేదు. ఇది మిల్లు పని కంటే కట్టంగా ఉంది."

చిదానందం గారు చేతిలో కలం కింద పెట్టాడు. ఆయన ముఖంలో ఏదో వెలిగింది.

"ఏమన్నావు? పని కంటే కష్టమా?"

"అవును బాబూ."

"అంటే, అది పనే!" ఆయన లేచి గదిలో అటూ ఇటూ తిరిగాడు. "సేవలు అందుకోవటం. ఇంతవరకు జనం దాన్ని వృత్తిగా స్వీకరించారా? లేదు. ఎవరికైనా దీని అవసరం ఉండేదా? లేదు. సూరిబాబూ, నీకు తెలియకుండానే నువ్వు నూతన సేవను సృష్టించావు!"

ఆ విధంగా సూరిబాబు రేగులపేటలోనే కాక, బహుశా దేశంలోనే మొట్టమొదటి సేవాస్వీకర్త అయ్యాడు. ఇంటికొచ్చి చెబితే పైడమ్మ నవ్వాపుకోలేక గుంజకు ఆనుకుంది.

"పొద్దున్నుంచీ నీకు అందరూ సేవలు సేత్తే, నీకు జీతమా?"

"అలగే అంటన్నారు."

"మరి నాను నీకు అన్నం పెడతన్నాను కదా, దానికి సంతకం పెడతావేటి?"

"అన్నం పెట్టడం పాతదే పైడీ," అన్నాడు సూరిబాబు. మాట నోరుదాటాక సిగ్గుపడ్డాడు. అయినా మొదటి నెల జీతం చేతికొచ్చిన రోజున అతను దాచుకోలేని సంతోషంతో ఆమెకు చీర తెచ్చాడు. ఏడాది తర్వాత తెచ్చిన చీర. పైడమ్మ దాన్ని కట్టుకుని ఆసుపత్రికి వెళ్ళింది. ఎలా సంపాదించిన చీర అని ఎవరూ అడగకుంటే బాగుండునని కోరుకుంది.

సూరిబాబు తర్వాత వందలమంది స్వీకర్తలను నియమించారు. వాళ్ళకు శిక్షణ తరగతులు పెట్టారు. నమస్కారాన్ని ఎలా అందుకోవాలి, సానుభూతిని ఎంతసేపు భరించాలి, చల్లార్చిన టీని ముఖం చిట్లించకుండా ఎలా తాగాలి అనే విషయాల మీద రాజధాని నుంచి వచ్చిన ఒక ఆచార్యుడు పాఠాలు చెప్పాడు. ఆయన తిరిగి వెళ్ళేటప్పుడు తోడునడక సహాయకులు స్టేషను దాకా వెంట నడిచారు. పెట్టె మాత్రం ఆయనే మోసుకున్నాడు. పెట్టె మోయటం పాత సేవ.

వానాకాలంలో ఒక సాయంత్రం సూరిబాబు విధి నిర్వహణలో భాగంగా బజారులో నడుస్తున్నాడు. మురుగుకాలువ మీద పరిచిన పలక విరిగింది. తొడదాకా లోపలికి దిగబడిపోయాడు. కాలు మడతపడి పలకల మధ్య ఇరుక్కుంది. నొప్పికి కళ్ళు బైర్లు కమ్మాయి.

చుట్టూ ఎవరూ లేరని కాదు. గతుకు దగ్గరి మనిషి "జాగ్రత్త" అన్నాడు. గొడుగు మనిషి, సూరిబాబు ఎత్తు తగ్గింది గనుక, తానూ వంగి గొడుగు పట్టాడు. సానుభూతి సహాయకురాలు "అయ్యో, అయ్యో" అంటూ నిజంగానే కన్నీళ్ళు పెట్టుకుంది. తవిటినాయుడు అతని పక్కనే నడుస్తూ వచ్చినవాడు, ఆగిపోయి నిలబడ్డాడు.

"నాయుడూ, సెయ్యందించరా!" అన్నాడు సూరిబాబు.

తవిటినాయుడి చెయ్యి సగం దాకా వచ్చి ఆగింది. "ఒరే సూరీ, పడ్డోణ్ణి లేపడం పాత సేవరా. సూసినోడు సెప్పీసినాడంటే నా రాయితీ పోతాది. ఇంట్లో ఆరుగురం రా." అతను చుట్టూ ఓసారి చూశాడు. "నువ్వే లేవరా. లేత్తే నీ పక్కన నడుత్తాను."

వాన జోరందుకుంది. మురుగు పైకి లేవసాగింది. ఆసుపత్రి నుంచి ఇంటికి వస్తున్న పైడమ్మ గుంపును చూసి, ఎవరికో ఏదో అయిందని తోసుకుంటూ వచ్చింది. మొగుణ్ణి చూసింది. పలకను పక్కకు నెట్టి, చంకల కింద చేతులు వేసి ఒక్క గుంజు గుంజింది. అతని భారమంతా తన భుజం మీద వేసుకుని నాలుగడుగులు వేశాక వెనక్కి తిరిగింది.

"మీకు సేతులు నేవేటి?" అంది.

జవాబు చెప్పే సహాయకుడి పని వేళలు అప్పటికే ముగిశాయి.

ఈ సంఘటనపై చిదానందం గారు విచారణ జరిపించాడు. నిర్దేశిత సేవలన్నీ నిరాటంకంగా అందాయనీ, లోపం ఎక్కడా లేదనీ తేలింది. అయితే పడిపోయేవారిని గమనించే వ్యవస్థ పట్టణంలో లేదని గుర్తించి, పతనసాక్షి పోస్టులు కొన్ని మంజూరు చేశారు.

తవిటినాయుడికి ఆ రాత్రి నుంచి అన్నం సహించలేదు. మంచం మీద కాలుకు కట్టుతో ఉన్న సూరిబాబు దగ్గరకు వచ్చి తలవంచుకుని కూర్చున్నాడు. పైడమ్మ టీ ఇచ్చి, "నువ్వే ఊదుకో నాయుడన్నా," అంది. నాయుడు ఆ టీ గటగటా తాగేసి లేచాడు. మర్నాడు తోడునడక మానేసి తానూ స్వీకర్తగా బదిలీ చేయించుకున్నాడు. నెల తిరక్కుండానే సేవాస్వీకర్తల సంఘం పెట్టాడు. ఏం చేయాలో తోచనప్పుడు సంఘం పెట్టటం అతనికి రక్తంలోనే ఉంది.

సంఘం సమ్మెకు దిగింది. స్వీకర్తలంతా ఇళ్ళల్లో తలుపులు వేసుకుని కూర్చున్నారు. బజారులో ఎవరి పక్కన నడవాలో తెలియక సహాయకులు దిక్కులు చూశారు. ఊదటానికి టీ లేదు, జాగ్రత్త చెప్పటానికి అడుగు లేదు. సంతకాలు లేక రాయితీలు ఆగిపోయాయి. సహాయకుల పెళ్ళాలు స్వీకర్తల ఇళ్ళ ముందు నిలబడి, "బయటికొచ్చి మా ఆయన చేత నమస్కారం పెట్టించుకో తల్లీ" అని బతిమాలుకున్నారు. చివరికి చిదానందం గారు చర్చలకు పిలిచాడు.

"మీ డిమాండ్లు సానుభూతితో పరిశీలించబడతాయి," అన్నాడు.

"సానుభూతి మేం పనిగంటల్లోనే తీసుకుంటాం బాబూ," అన్నాడు తవిటినాయుడు. "ఇప్పుడు వొద్దు."

ఒకేసారి రెండు సేవలు అందుకుంటే ఒకటిన్నర రెట్లు భత్యం, పండగ రోజుల్లో పలకరింపులకు విడి లెక్క, చల్లని టీ తాగినందుకు కడుపునొప్పి సెలవు ఒప్పుకున్నాక సమ్మె ముగిసింది. పడిపోతే లేపాలన్న డిమాండు మాత్రం విధాన నిర్ణయమంటూ పై అధికారులకు పంపారు. అది ఇంకా అక్కడే ఉంది.

ఆ ఏడు చివర్లో మిల్లు మైదానంలో మహాసభ జరిగింది. మంత్రిగారు వచ్చి, రేగులపేటను నిరుద్యోగ రహిత పట్టణంగా ప్రకటించారు. ఉత్తమ సేవాస్వీకర్తగా సూరిబాబును వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. అతను కుంటుతూ వెళ్ళి, శిక్షణలో చెప్పినట్టే తల కొద్దిగా వంచి శాలువా అందుకున్నాడు. అంత చక్కగా శాలువా కప్పించుకున్నవాణ్ణి తాను చూడలేదని మంత్రిగారు మెచ్చుకున్నారు. చిదానందం గారికి కళ్ళు చెమర్చాయి.

మహాసభ టెంట్లు విప్పుతుండగానే కలకత్తా నుంచి ఘోషాల్ అనే షావుకారు కారులో దిగాడు. మిల్లును ఆయన వేలంలో కొన్నాడు. తాళం తీయించి లోపలంతా తిరిగాడు. దారం వడికే ఫ్రేముల మీద దుమ్ము వేలితో తుడిచి చూసి, నూనె వేసి బిగిస్తే నెలలో నడపొచ్చని తన మేనేజరుతో అన్నాడు. ప్లాస్టిక్ సంచుల మీద నిషేధం వచ్చి గోనెసంచులకు గిరాకీ పెరిగిందనీ, పాతవాళ్ళందరినీ పనిలోకి తీసుకుంటాడనీ మేనేజరు టీ కొట్టు దగ్గర చెప్పాడు. ఆ మాట విని ఒక చల్లార్పు సహాయకుడు ఊదటం మరిచిపోయాడు. టీ తాగేవాడి నాలుక కాలింది. ఇద్దరూ ఒకరినొకరు కావలించుకున్నారు.

షావుకారు మర్యాదగా చిదానందం గారి దగ్గరకు వెళ్ళి, పనివాళ్ళ జాబితా కావాలని మేనేజరు చేత అడిగించాడు.

"క్షమించాలి," అన్నాడు చిదానందం గారు చిరునవ్వుతో. "రేగులపేటలో నిరుద్యోగులు లేరు."

"పాత కార్మికులు వందలమంది ఉన్నారు కదా?" అన్నాడు మేనేజరు.

"అందరూ ఉద్యోగాల్లో ఉన్నారు."

అప్పటికే గుమ్మం బయట సూరిబాబు, తవిటినాయుడు, వాళ్ళ వెనక సగం ఊరూ నిలబడి ఉన్నారు. సూరిబాబు లోపలికి వచ్చేశాడు.

"బాబూ, మేం మానేత్తాం. ఇప్పుడే మానేత్తాం. మా రాజీనామాలు తీసుకోండి."

"వీలుకాదు సూరిబాబూ. రాజీనామా చేస్తే నువ్వు నిరుద్యోగివి అవుతావు."

"ఒక్క పూటే కదా! పొద్దున్న మానేసి మజ్జాన్నం షిఫ్టుకి మిల్లులో దిగిపోతాం."

"ఆ పూట సంగతేమిటి?" చిదానందం గారు చాలా ఓపికగా అడిగాడు. "ఆ పూట రేగులపేటలో నిరుద్యోగులు ఉన్నట్టే కదా? ప్రభుత్వం లేరని ప్రకటించింది. మంత్రిగారి మాటను నీ ఒక్క పూట కోసం అబద్ధం చేయమంటావా?"

"పోనీ, రాజీనామా సెయ్యకుండా మిల్లుకెల్తాం."

"గోనెసంచులు నేయటం పాత పని. రాయితీ పొందేవాడు చేయరాదు."

సూరిబాబు ఎన్నడూ అధికారుల ముందు గొంతు పెంచినవాడు కాదు. "మాకు పని కావాలి బాబూ," అన్నాడు మెల్లగా. "పని."

"ఉంది కదా నాయనా," అన్నాడు చిదానందం గారు అంతకంటే మెల్లగా.

షావుకారుకు తెలుగు రాదు. కానీ ఇద్దరి ముఖాలు చూసి విషయం గ్రహించాడు. అలాంటి ఊరిలో మిల్లు నడపటం కంటే యంత్రాలు ఊడదీసుకుపోవటం తేలిక అనుకున్నాడు. పొరుగు జిల్లాలో ఆయనకు ఒక ఖాళీ షెడ్డు ఉంది. పది రోజుల్లో లారీలు వచ్చి నిలబడ్డాయి.

యంత్రాలు విప్పటానికి మనుషులు కావాలి. చిదానందం గారు స్వయంగా మిల్లుకు వచ్చి చూశాడు. చాలాసేపు ఆలోచించాడు.

"ఒక మిల్లును ఊరు దాటించే సేవ ఈ పట్టణంలో ఇంతవరకు జరగలేదు. దీని అవసరం కూడా ప్రజలకు లేదు. ఇది నిస్సందేహంగా నూతన సేవ," అని మంజూరు చేశాడు.

కార్మికులు తమ మిల్లును తామే విప్పారు. ఏడాదికి పైగా చెమట పట్టని ఒళ్ళు తడిసి ముద్దయ్యాయి. స్పానరు పట్టగానే చేతులకు పాత బలం వచ్చింది. అది వచ్చినందుకు సంతోషించాలో, దాన్ని ఎందుకు వాడుతున్నామో తలచుకుని ఏడవాలో ఎవరికీ తెలియలేదు. సూరిబాబు తాను నడిపిన ఫ్రేమును ఎవర్నీ ముట్టనివ్వలేదు. ఒక్కొక్క మర ఊడదీసి, గుడ్డతో తుడిచి, గోనెపట్టాలో చుట్టి లారీ ఎక్కించాడు. మేనేజరు అతన్ని చూస్తూ నిలబడ్డాడు.

"అక్కడ దీన్ని మళ్ళీ బిగించాలంటే తెలిసినవాడు కావాలి," అన్నాడు. "వస్తావా?"

సూరిబాబు ఇంటికి పరుగెత్తాడు. కుంటి కాలు అడ్డం రాలేదు. పైడమ్మ అప్పుడే ఆసుపత్రికి బయలుదేరుతోంది.

"పైడీ, నాను ఎల్లిపోతాను. లారీ మీద. నువ్వూ రాయే."

ఆమె చేతిలోని గంజి డబ్బా కింద పెట్టలేదు. "ఆరో నెంబరు మంచమ్మీద ముసలాయనకి సూపు ఆనడం నేదు. నాను ఎల్లకపోతే నోట్లో సుక్క పడదు. ఎలా వొచ్చీమంటావు?"

"అదీ నిజమే."

"నువ్వెల్లు మావా. ఆదివారం రా." ఆమె మొగుడి చొక్కా గుండీ సరిగ్గా పెట్టింది. "ఇక్కడుంటే నువ్వు సచ్చిపోతావు. ఆళ్ళు సేవలు సేసి సేసి సంపీస్తారు."

సూరిబాబు లారీ ఎక్కాడు. అతని రాజీనామా ఎవరూ పుచ్చుకోలేదు. కార్యాలయం వారు, ఉత్తమ స్వీకర్త పొరుగు జిల్లా సేవలను పరిశీలించే నిమిత్తం అధ్యయన యాత్రలో ఉన్నట్టు రాసుకున్నారు. ఊళ్ళో నిరుద్యోగుల సంఖ్య సున్నా దగ్గరే నిలిచింది.

పొరుగు జిల్లా షెడ్డులో ఫ్రేములు బిగించటానికి రెండు నెలలు పట్టింది. సూరిబాబుకు రేకుల గదిలో మంచం, హోటలు భోజనం. ఆదివారాలు మొదటి బస్సుకు రేగులపేట వెళ్ళి, భార్యతో పాటు ఆసుపత్రి వరండాలో కూర్చుని, చివరి బస్సుకు తిరిగి వచ్చేవాడు. తవిటినాయుడు ఉత్తరాలు రాసేవాడు కాదు గానీ ఫోను చేసి, తనకూ అక్కడ పని చూడమని అడిగేవాడు. ఒకరి తర్వాత ఒకరు, అధ్యయన యాత్రల మీద, పాతవాళ్ళు వచ్చి చేరసాగారు. చెయ్యి అందించుకోవటానికి అక్కడ ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మిల్లు నడక అందుకున్నాక ఒక ఉదయం గేటు దగ్గర కారు ఆగింది. రేగులపేటలో సాధించిన విజయానికి చిదానందం గారికి పదోన్నతి లభించింది. ఇప్పుడాయన ఈ జిల్లాకు ప్రాంతీయ కల్పనాధికారి. మేనేజరు వద్దంటున్నా వినకుండా స్పిన్నింగు ఖాతాలోకి వచ్చాడు. నార దుమ్ము పొగమంచులా కమ్ముకుని ఉంది. ఫ్రేములన్నీ ఒక్కసారిగా మోగుతున్నాయి. ఆయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని వరసల మధ్య నడుస్తూ సూరిబాబు ముందు ఆగాడు. గుర్తుపట్టి ముఖం వికసించింది.

ఆయన ఏదో అన్నాడు. సూరిబాబుకు వినబడలేదు.

ఆయన దగ్గరగా వచ్చి చెవిలో అరిచాడు. "ఈ జిల్లాలో ప్రజలు సేవారంగం వైపు రావటం లేదు! కారణం ఈ మిల్లే అని మా పరిశీలనలో..."

"ఇనబడట్లేదు బాబూ!" అని సూరిబాబు కూడా అరిచాడు.

చిదానందం గారు ఇంకా గట్టిగా, చేతులు ఊపుతూ చెప్పసాగాడు. ఆయన పెదవులు కదులుతూనే ఉన్నాయి. సూరిబాబు మర్యాదగా తలాడించబోయి, సగంలో మానుకున్నాడు. ఫ్రేము చివర దారం తెగింది. అతను ఆయన్ని చేత్తో మెల్లగా పక్కకు జరిపి, అటు వెళ్ళి, వంగి, తెగిన కొస పట్టుకుని అతికించాడు.